మీటరు ముల్లు కదలకూడదు: కాల్యుట్రాన్ వెనుక ఉన్న విద్యుత్ పరికరాలు

(తెరపై: ఒకే చోట బయలుదేరి, అర్ధవృత్తాలుగా వంగి, పక్కపక్కనే దిగుతున్న రెండు రేఖలు.)

యురేనియంలో బరువులో మాత్రమే తేడా ఉన్న రెండు రకాల పరమాణువులు, అంటే అణుబాంబుకు పనికొచ్చే యురేనియం 235, దానికంటే బరువైన యురేనియం 238, రసాయనికంగా ఒకేలా ప్రవర్తిస్తాయి కనుక, వాటిని విడదీయడానికి మనకు దొరికే ఆధారం బరువులోని స్వల్పమైన తేడా ఒక్కటే. పరమాణువులను అయాన్లుగా (విద్యుదావేశం గల కణాలుగా) మార్చి, అధిక వోల్టేజీతో వేగవంతం చేసి, శూన్యంలోని అయస్కాంత క్షేత్రం గుండా పంపితే, తేలికైనవి కాస్త ఇరుకుగా, బరువైనవి కాస్త వెడల్పుగా వంగుతాయి. అయితే వోల్టేజీ గానీ, అయస్కాంతపు కాయిళ్లలో పారే కరెంటు గానీ రవ్వంత చలించినా రెండు ధారలూ పక్కకు జరిగి, ఒకదాని పాత్రలో మరొకటి పడుతుంది. అందుకే ఈ పద్ధతిలో అసలు కష్టం విద్యుత్తును నిలకడగా ఉంచడంలోనే ఉంది.

భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లారెన్స్ కాలిఫోర్నియాలోని బర్కిలీలో, కణాలను వేగవంతం చేసే తన సైక్లోట్రాన్ యంత్రం ఆధారంగా రూపొందించిన ఈ యంత్రానికి కాల్యుట్రాన్ అని పేరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం ఓక్ రిడ్జ్‌లో వై-12 కర్మాగారాన్ని దీనికోసమే కట్టడం మొదలుపెట్టారు.

(తెరపై: కోడిగుడ్డు ఆకారంలో వరుసగా అమర్చిన అయస్కాంతాలు, వాటి మధ్య ట్యాంకులు.)

కాయిళ్లకు కావలసినంత రాగి యుద్ధం వల్ల దొరకలేదు. అప్పుడు అమెరికా ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా) నుంచి 13,000 మెట్రిక్ టన్నులకు పైగా వెండిని అరువు తెచ్చి, పట్టీలుగా సాగదీసి చుట్టారు. వెండి రాగికంటే మెరుగైన వాహకమే కనుక పనికి లోటు రాలేదు. చివరి విడత వెండి 1970లో ట్రెజరీకి తిరిగి చేరింది.

లోటు వచ్చింది మరోచోట. కాయిళ్లను చల్లబరిచే నూనెలో తుప్పు, మురికి చేరడం, చుట్లు మరీ దగ్గరగా ఉండడం వల్ల మొదటి అయస్కాంతాలు షార్ట్ అయ్యాయి. అంత బరువైన కాయిళ్లను విప్పి, మళ్లీ చుట్టడానికి, అవి తయారైన మిల్వాకీ నగరానికి తిరిగి పంపవలసి వచ్చింది. మహా యంత్రాన్ని ఆపింది నూనెలోని నలుసులన్న మాట!

(తెరపై: కంట్రోల్ ప్యానెళ్ల ముందు ఎత్తైన స్టూళ్ల మీద కూర్చున్న యువతులు.)

ప్యానెళ్ల ముందు కూర్చున్నవారిలో ఎక్కువమంది అప్పుడే హైస్కూలు ముగించిన స్థానిక యువతులు. మీటరు ముల్లు గీత దాటితే నాబ్ తిప్పి వెనక్కి తేవడమే వారి పని. తాము చేస్తున్నదేమిటో వారికి చెప్పలేదు. పోటీ పెట్టి చూస్తే వారి ఉత్పత్తి శాస్త్రవేత్తలను మించింది. ముల్లు కదిలినప్పుడల్లా శాస్త్రవేత్తలు కారణం వెతుకుతూ కూర్చునేవారు. ఈ యువతులు వెంటనే దాన్ని దాని చోటికి తెచ్చేవారు.