పులి తిన్న ఆవు ఎవరిది?

[తెర మీద: పత్తి చేలు, వాటి వెనకే టేకు అడవి. అక్షరాలు: కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా]

పులిని కాపాడాలా అని పట్నంలో ఎవరినడిగినా కాపాడాల్సిందే అంటారు. కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో అడిగితే ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "మరి మా ఆవు సంగతేంది?" ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వకుండా ఉత్తర తెలంగాణలో పులినే కాదు, రాబందును కూడా కాపాడలేం. ఎందుకో చూద్దాం.

[మ్యాప్: తాడోబా నుంచి ప్రాణహిత దాటి కవ్వాల్ దాకా గీత]

ఉత్తర తెలంగాణలోని కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. అయితే పులులు ఎక్కువగా కనిపిస్తున్నది దాని బయట. మహారాష్ట్రలోని తాడోబాలో పులుల సంఖ్య పెరిగింది. చోటు చాలని పులులు నదులు దాటి సిర్పూర్, కాగజ్‌నగర్, బెజ్జూరు అడవుల్లోకి వస్తున్నాయి. ఫాల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి పిల్లల్ని కన్నది కూడా కాగజ్‌నగర్ డివిజన్‌లోనే. అక్కడ అడవి మధ్యలోనే ఊళ్లున్నాయి, పోడు ఉంది, పశువులు మేసే బీళ్లున్నాయి.

భయం ఉత్తదేమీ కాదు. 2020 నవంబర్‌లో ఈ జిల్లాలో పులి దాడికి ఇద్దరు యువకులు, అంటే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి బలయ్యారు. 2024 నవంబర్‌లో పత్తి ఏరుతున్న ఒక మహిళ చనిపోయింది. నవంబర్ అంటే ఇక్కడ పత్తి ఏరే కాలం. వంగి పనిచేసే మనిషి పులికి నాలుగు కాళ్ల జంతువులా కనిపించే ప్రమాదం ఉంటుంది. అలాగని కూలీ మానుకుంటే ఇల్లు గడవదు.

[తెర మీద: ఖాళీ పశువుల కొట్టం]

ఇక పశువు సంగతి. పులి ఒకే పూటలో ఆవును మొత్తం తినదు, మిగిలింది తినడానికి మళ్లీ వస్తుంది. ఈ విషయం ఊళ్లో అందరికీ తెలుసు. జత ఎద్దుల్లో ఒకటి పోతే ఆ ఏడు దుక్కి ఆగుతుంది. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, నిజమే. కానీ పంచనామా కావాలి, పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి, ఫైలు కదలాలి. విత్తనాలేమో ఫైలు కోసం ఆగవు.

2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరంలో విషం కలిపారని అటవీ అధికారులు చెప్పారు. అది నేరం, అందులో రెండో మాట లేదు. కానీ కేసులు పెట్టినంత మాత్రాన రేపు ఇంకొకరి ఆవు పోయినప్పుడు కోపం ఆగదు. పరిహారం వారంలోపు చేతికొస్తే విషం డబ్బా వైపు చూసేవాళ్లు తగ్గుతారని నా నమ్మకం.

[తెర మీద: నిటారు రాతి గుట్ట, గాలిలో తేలుతున్న పెద్ద రెక్కలు]

అదే కళేబరం మీద ఇంకొకరి బతుకు కూడా ఆధారపడి ఉంది. పెంచికల్‌పేట దగ్గర పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. పొడవు ముక్కు రాబందులు అక్కడ గూళ్లు పెట్టాయని 2013లో గుర్తించారు. దేశం మొత్తంలో 1992, 2007 మధ్య ఈ జాతి దాదాపు 97 శాతం తగ్గిపోయింది. కారణం డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి, వాపుకి వేసే ఇంజెక్షన్ ఇది. ఇంజెక్షన్ వేసిన కొద్దిరోజుల్లో పశువు చనిపోతే మందు మాంసంలో మిగిలి ఉంటుంది. దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చిపోతుంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా జాతి కూలిపోవడానికి చాలు. ఎందుకంటే ఒకే కళేబరం మీద పదుల రాబందులు వాలతాయి, జంటకు ఏడాదికి ఒకే గుడ్డు.

పశువులకు ఈ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతూనే ఉన్నారని 2015లో వాటినీ ఆపి, ఒక్కో సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. మెలోక్సికామ్ అనే మందు పశువు నొప్పినీ తగ్గిస్తుంది, రాబందుకూ హాని చెయ్యదు. అంటే రాబందు బతకడం కొట్టంలో సూది వేసే మనిషి చేతిలో ఉంది. అతనితో మాట్లాడే కార్యక్రమం ఏదైనా నాకు గొప్ప కార్యక్రమమే.

[తెర మీద: గ్రామసభ, చెట్టు కింద కూర్చున్న జనం]

2025 మే నెలలో కవ్వాల్, తాడోబాల మధ్య దాదాపు లక్షన్నర హెక్టార్లను కన్జర్వేషన్ రిజర్వ్‌గా, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తూ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆదివాసీ సంఘాలు బంద్‌లు చేశాయి. జూలైలో జీవోను నిలిపివేశారు. పులికి దారి కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షన్ ఏమంటుందో వినండి: స్థానిక ప్రజలతో సంప్రదించాకే ఇలాంటి రిజర్వ్ ప్రకటించాలి. కవ్వాల్ కోర్ నుంచి, అంటే రిజర్వ్ లోపలి ప్రధాన భాగం నుంచి మైసంపేట్, రాంపూర్ గ్రామాలను తరలించడం అందరూ చూశారు. "రేపు మా ఊరేనా?" అన్న అనుమానం అక్కడి నుంచే వస్తోంది. పోడు పట్టా కోసం ఏళ్లుగా తిరుగుతున్న కుటుంబానికి ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. జల్, జంగల్, జమీన్ అంటూ కుమ్రం భీం పోరాడిన నేలలో అడవి నిర్ణయాలు ఊరిని అడగకుండా జరగడం నాకు అసలు మింగుడుపడదు.

[తెర మీద: ఫోన్‌తో కళేబరం ఫొటో తీస్తున్న రైతు]

కాగజ్‌నగర్ చుట్టుపక్కల మండలాల్లో మీకు పశువులుంటే ఈ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. పులి పశువును చంపితే కళేబరాన్ని కదపకండి. పులి దగ్గర్లోనే ఉండొచ్చు కాబట్టి దూరం నుంచే ఫొటో తీసి, వెంటనే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చెయ్యండి, పంచనామా కాపీ అడిగి తీసుకోండి. ఊళ్లో పశువులకు వైద్యం చేసే గోపాలమిత్ర నొప్పి సూది వేస్తుంటే, అది మెలోక్సికామేనా అని అడగండి.