అద్దం మీది నలుసుల కోసం చేపను తేవాలా?

శ్రోతలకు నమస్కారం. చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న వాళ్లకు కొన్ని నెలలు గడిచేసరికి ఒక టెన్షన్ మొదలవుతుంది. పొద్దున్నే చూస్తే అద్దం మీద తెల్లటి నలుసులు. దుమ్మేమో అనుకుంటే, అవి కదులుతాయి. కాసేపు పాకి, ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతి, మళ్లీ ఆగిపోతాయి. రాత్రి టార్చి వేస్తే ఇంకొంచెం పెద్దవి, నడుము వంగినవి, రాళ్ల సందుల్లోకి పరుగు తీస్తూ కనిపిస్తాయి. వీటిని తినే చేపను ఒకదాన్ని తెచ్చి వదిలితే పోలా అనిపిస్తుంది.

తేవచ్చు. కానీ ఒక ప్రశ్న ముందే వేసుకోవాలి. ఆ పురుగులన్నీ అయిపోయాక ఆ చేప ఏం తింటుంది?

అద్దం మీదివి కోపెపాడ్లు, ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. రాళ్లలో తిరిగేవి యాంఫిపాడ్లు, సెంటీమీటరు దాకా పెరుగుతాయి. రెండూ రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టాలు. పాచీ, మిగిలిపోయిన మేతా, అడుగున చేరిన చెత్తా తిని బతుకుతాయి. మామూలుగా చేపల జోలికి రావు. విపరీతంగా పెరిగాయంటే ట్యాంకులో తిండి ఎక్కువైందన్నమాట. మేత కాస్త తగ్గించి అడుగు శుభ్రం చేస్తే కొన్ని వారాల్లో వాటంతట అవే పలచబడతాయి. చాలా ఇళ్లలో ఇంతకు మించి చేయాల్సిందేమీ ఉండదు.

ఒక్క మినహాయింపు ఉంది. చేప ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే ఐసోపాడ్లు కొన్ని ఉంటాయి. పెద్ద నల్లటి కళ్లు, గట్టి పెంకులాంటి వీపు. అవి కనిపిస్తే కొత్త చేపను తేవడమంటే వాటికి ఇంకో విస్తరి వేయడమే. రొయ్య ముక్క ఎర పెట్టి రాత్రిపూట పట్టి తీసేయాలి.

ఇక చేపల సంగతి. కోపెపాడ్లు అనగానే అందరికీ గుర్తొచ్చేది మాండరిన్. నీలం మీద నారింజ రంగు వంకర గీతలతో చూపు తిప్పుకోనివ్వదు. చిన్న ట్యాంకుకు ఇంతకంటే తప్పు ఎంపిక మరొకటి లేదని నా అభిప్రాయం. అది నిద్ర లేచింది మొదలు రాళ్ల మీద మెల్లగా జరుగుతూ, తల ఒక పక్కకు వంచి, ఒక్కొక్క నలుసునే చటుక్కున పీల్చుకుంటుంది. రోజంతా అదే పని. యాభై అరవై లీటర్ల ట్యాంకులో ఆ సరుకు కొద్ది వారాలకే ఖాళీ. గుళికల మేత వేస్తే చాలా మాండరిన్లు తలెత్తి కూడా చూడవు. అప్పుడు పైనుంచి చూడండి. పొట్ట రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి, తల ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. దానికి కనీసం 300 లీటర్లు, బాగా పాతబడిన రాళ్లు కావాలంటారు అనుభవజ్ఞులు. తొట్టెల్లోనే పుట్టి పెరిగినవి కొంత నయం, కానీ తయారు మేత తింటున్నట్టు కళ్లారా చూశాకే తీసుకోవాలి.

సిక్స్ లైన్ రాస్ అనే చేప ఉంది. ఊదారంగు చారలతో ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. వేటలో దిట్ట, ఏ మేతైనా తింటుంది. దాని గుణమే గొడవ. ఇరుకు చోట పడిందంటే తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి తరిమి చంపినంత పని చేస్తుంది. దానికంటే పోసమ్ రాస్ మేలు. ఐదారు సెంటీమీటర్లే, పిరికిది, సందుల్లో దూరి తిరుగుతూ యాంఫిపాడ్లను ఏరుకుంటుంది, ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలకూ అలవాటు పడుతుంది. వంద లీటర్ల పైన ఉంటే నేను దానికే ఓటేస్తాను. క్లౌన్ ఫిష్, ఫైర్ ఫిష్ నీళ్లలో తేలి వచ్చినవాటిని తింటాయి గానీ రాళ్లలో వెతకవు. నలభై లీటర్ల లోపు ట్యాంకుకైతే వేటాడే చేప ఆలోచనే వద్దు.

రాస్ చేప ఏదీ ఈ పురుగులను పూర్తిగా తుడిచిపెట్టేయదు. యాంఫిపాడ్లు బయటికొచ్చేది ఎక్కువగా రాత్రి. రాస్ చేపలు చీకటి పడగానే నిద్రపోతాయి. సిక్స్ లైన్ అయితే తన చుట్టూ జిగురుతో పలచటి గూడు అల్లుకుని మరీ పడుకుంటుంది. ఇద్దరివీ వేరే వేరే షిఫ్టులు. అదీ మంచిదే, చేపకు మర్నాటికి తిండి మిగులుతుంది. ఒక మూల చిన్న రాళ్లు గుట్టగా పోసి ఉంచితే, చేప దూరలేని ఆ సందుల్లో అవి పిల్లలు పెడుతూనే ఉంటాయి.

చేపను తీసుకునే ముందు మీ ఎదుటే మైసిస్ మేత వేయమని అడిగి, తింటుందో లేదో చూడండి. తెచ్చాక మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి గమనించండి. ట్యాంకు పైన సన్నని జాలీ మూత తప్పనిసరి. రాస్, ఫైర్ ఫిష్ రెండూ బెదిరితే ఎగిరి బయటపడతాయి, వైరు కోసం వదిలిన చిన్న ఖాళీ కూడా వాటికి చాలు.