థర్టీ ఫార్టీ సైట్‌లో రెండో ఆవు వస్తుందంటే వీధంతా ఎందుకు గొడవ?

(తెర మీద: మేడ పైనుంచి వీధి. చివరింటి వెనక రేకుల పాక, ముందు వరుసగా కార్లు.)

ఆ చివర రేకుల పాక కనిపిస్తోందా? అందులో ఒక హెచ్‌ఎఫ్ ఆవు (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతి), దాని దూడ, ఒక మేక, ఎనిమిది కోళ్లు, ఒక పుంజు ఉన్నాయి. సైట్ థర్టీ ఫార్టీ, అంటే 1200 చదరపు అడుగులు, అందులో ముప్పావు వంతు ఇల్లే. బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర మా వీధి ఇది. ఆమధ్య ఓ పొద్దున ఆ ఇంటి పెద్దమ్మ పాలు పోస్తూ పోస్తూ "ఇంకో ఆవును తెస్తాండాం, మేకలు కూడా ఇంకో రెండు" అని ఎవరితోనో అంది. అంతే, సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూప్ నిండిపోయింది. నేనూ ఒకటి పెట్టాను. "పశువులు కావాలంటే పల్లెటూరికి పోయి పెంచుకోవాలి" అని.

సిగ్గుచేటు మాట అది. ఎందుకంటే ఇది పల్లెటూరే, మేం వచ్చి లేఅవుట్ చేశాం. ఇక్కడంతా రాగి చేలు ఉన్నప్పటి నుంచి ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. సంక్రాంతికి ఆవుకు పసుపు పూసి గడ్డి మంట మీదుగా దూకిస్తారు, ఇక్కడ దాన్ని కిచ్చు హాయిసోదు అంటారు, అప్పుడు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసింది మేమే. మిగతా 364 రోజులు అదే ఆవు మాకు వాసన.

సరే, ఎవరేమంటున్నారో చూద్దాం.

(తెర మీద: ఇంటి గేట్లు ఒక్కొక్కటిగా. మనుషుల ముఖాలు చూపించొద్దు.)

పక్కింటి అక్కకు ఏడు నెలల పాప ఉంది. ఆవిడ బాధ ఈగలు. మధ్యాహ్నం పాపను ఉయ్యాల్లో పడుకోబెడితే దోమతెర మీద ఈగలు వాలుతున్నాయని చూపించింది, నేనే లెక్కపెట్టాను, పదకొండు. అయితే ఆ పాప తాగే పాలు ఆ ఇంటివే. అది అడిగితే "పాలు వేరు, ఈగలు వేరు" అంది. నిజమే, నేనేం అనగలను. వెనక వీధి ఓనర్‌గారి భయం ఏమిటంటే అద్దెకొచ్చేవాళ్లు వాసన చూసి వెనక్కి పోతారని. పై పోర్షన్ కుర్రాడు నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారుజామున మూడింటికి పడుకుంటాడు, పుంజు నాలుగింటికి లేస్తుంది. వాడి కేసు గురించి వేరే వాదన అక్కర్లేదు.

ఎదురింట్లో అనంతపురం నుంచి వచ్చిన రిటైర్డ్ పెద్దాయన ఉన్నారు. మేమంతా గోల చేస్తుంటే ఆయన మాత్రం ఒక్క ప్రశ్న అడిగారు. "ఏమప్పా, నేనూ ఎద్దుల మధ్య పెరిగినోణ్నే. మా ఊర్లో ఇంటికో దిబ్బ ఉండె. ఈడ దిబ్బ యాడుందప్పా?"

ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే.

(తెర మీద: ఖాళీ గంప, పక్కన పార.)

పెంటదిబ్బ అంటే మనకు చెత్త కుప్ప అని అలుసు. కానీ పల్లెలో పశువు బతుకు దాని మీదే నడుస్తుంది, పొద్దున ఎత్తిన పేడ అక్కడికి పోతుంది, ఏడాది మాగుతుంది, తొలకరికి ముందు బండికెత్తి చేలోకి తోలతారు. థర్టీ ఫార్టీ సైట్‌లో ఆవుకు చోటు దొరుకుతుంది గానీ దిబ్బకు దొరకదు. నిజంగానే, ఆవుకు చోటు సరిపోతుంది! పశుపోషణ లెక్కల్లో ఒక ఆవుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, తిరగడానికి ఆరుబయట ఏడు చాలంటారు, కలిపితే సుమారు 113 చదరపు అడుగులు. రెండు ఆవులకు 226. పెద్దమ్మ వాళ్ల పెరడు టేపు పెట్టి కొలిస్తే 260 వచ్చింది. అక్కడ మా వాదన పడిపోయింది, పెద్దమ్మ కొడుకు నవ్వాడు కూడా.

ఇప్పుడు పేడ లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలకు, గోశాలలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, 400 కిలోల పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుందని, దాదాపు అన్నే లీటర్ల మూత్రం పోస్తుందని రాశారు. ఒక ఆవైతే రోజూ ఒక గంప. రెండైతే 30 నుంచి 40 కిలోలు, నెలకు టన్ను. టన్ను! ఇది పెరట్లో ఆగదు కాబట్టి కడిగేస్తారు, కడిగితే కాలువలోకి పోతుంది. మొన్న మేలో వాన పడ్డ రాత్రి మా గేటు ముందు కాలువ గ్రిల్‌కు గడ్డిపోచలు, తవుడు, పేడ కలిసి రొట్టెలా పట్టేసింది, నేను కర్రతో పొడిస్తే ఒక్క ముక్కగా ఊడొచ్చింది, కింద నుంచి బుడగలు. ఆ వాసన మూడు రోజులు పోలేదు. నా మెసేజ్ వెనకున్న కోపం అసలు అదే, పల్లె పట్నం అని తెలివిగా మాట్లాడాను గానీ.

ఈగలదీ ఇదే కథ. ఈగ పచ్చి పేడలో గుడ్లు పెడుతుంది, వేడి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కలొచ్చిన ఈగ అవడానికి వారం, పది రోజులు చాలు. ఆ లోపు పేడ తీసేస్తే చుట్టు తెగిపోతుంది, అంటే వారానికి కనీసం రెండుసార్లు బయటికి పోవాలి. ఎండిన పేడ మీద దానికి ఆసక్తి లేదు, మన అమ్మమ్మలు పిడకలు కొట్టి గోడకు ఆరేసింది ఊరికే కాదు.

నీళ్ల గొడవ బెంగళూరోళ్లకు విడిగా చెప్పాలా? 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అన్నారు గుర్తుందా, 12,000 లీటర్ల ట్యాంకర్‌కు ఐదు కిలోమీటర్ల లోపైతే వెయ్యి రూపాయలని ప్రభుత్వమే రేటు కట్టాల్సి వచ్చింది. పాలిచ్చే హెచ్‌ఎఫ్ ఆవు ఎండాకాలం 80 లీటర్లు తాగుతుంది, కడగడానికి ఇంకో అంత. మా సంప్ ఎండిపోయిన రోజు ఆ ఇంటి బోర్ నీళ్లు కాలువలో పారుతుంటే ఒళ్లు మండిందంటే, తప్పు నాదా, ఆవుదా?

మేకల దగ్గర మాత్రం మేమంతా బోల్తా పడ్డాం.

(తెర మీద: గుంజకు కట్టిన మేక. ఆ అరుపు కాసేపు వినిపించాలి.)

ఒక మేకకే ఇంత గోలైతే మూడు మేకలకు ఎంతని అనుకున్నాం. వెటర్నరీ డాక్టర్‌ను అడిగితే ఆయన నవ్వారు. మేక మంద జంతువు, ఒంటరిగా కడితే తోడు కోసం అరుస్తూనే ఉంటుంది, ఇంకోదాన్ని తెచ్చి పక్కన కట్టండి, సద్దుమణుగుతుందన్నారు. అంటే మేం వద్దన్న ఆ అదనపు మేకే మాకు మందు! ఒక్క షరతు, పోతును తేకూడదు, ఎదకొచ్చిన పోతు కంపు ఊరి చివరికి కొడుతుంది. కోళ్లకూ అంతే, గుడ్లకు పుంజు అక్కర్లేదు, పెట్టలు పుంజు లేకుండానే పెడతాయి, ఆ గుడ్లు పిల్లలవ్వవు అంతే. ఈ సంగతి వీధిలో సగం మందికి తెలీదు. పెద్దమ్మ దగ్గరున్నవి గిరిరాజ కోళ్లు, మన బెంగళూరు హెబ్బాళలోనే తయారైన జాతి, వాటి మీద ఎవరికీ కోపం లేదు. పుంజు ఆదివారం కూరైపోయింది. కుర్రాడికి ఓ గిన్నె పంపారు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. "కంప్లైంట్ ఇస్తే ఎత్తుకుపోతారు" అనుకోవద్దు. పబ్లిక్ న్యూసెన్స్ అనాలంటే ఒక్కరికి నచ్చకపోతే సరిపోదు, చుట్టుపక్కల జనానికి ఇబ్బంది కలగాలి, అప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్, అంటే కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తొలగించమని ఆదేశించవచ్చు, పాత సీఆర్‌పీసీలో ఇది 133. పశువును నిర్లక్ష్యంగా వదిలేసి మనుషుల ప్రాణం మీదికి తెస్తే నేరాలకు శిక్షలు చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌లో 291వ సెక్షన్, ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఆవును రోడ్డు మీదికి తోలేసి కుప్పతొట్టి దగ్గర మేపేవాళ్లు కాస్త టెన్షన్ పడాల్సిందే. కార్పొరేషన్ నియమాలు కూడా ఉంటాయి, 2025 సెప్టెంబర్‌లో బెంగళూరు మొత్తానికి ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి గనక మీరు దేని కిందకొస్తారో ముందు చూసుకోండి, మాది తూర్పు.

మా వీధిలో తేలిందేమిటంటే, పెద్దాయన పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఆ దిబ్బ ప్రశ్నే మళ్లీ అడిగారు. ఆవిడకు కోపం రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. "మీరంతా ఆవును తిడతాండారు, పేడ గురించి ఒకరన్నా అడిగితిరా?" అంది. హొసకోటె వైపు పూలతోట వేసే వాళ్ల బంధువు ఒకతను ఉన్నాడు, బుధవారం, శనివారం ఆటో పంపి పేడ ఎత్తుకుపోవడానికి ఒప్పుకున్నాడు, ఆటో బాడుగలో సగం, పాలు పోయించుకునే మా ఎనిమిది ఇళ్లవాళ్లం వేసుకుంటున్నాం. నాకిది పూర్తిగా న్యాయం అనిపించలేదు, వ్యాపారం వాళ్లది, బాడుగ మాదా? కానీ కాలువ గ్రిల్ గుర్తొచ్చి ఇచ్చేశాను. మేక ఒక్కటే వచ్చింది, రెండు కాదు, అరుపు తగ్గింది. రెండో ఆవు మాత్రం ఇంకా రాలేదు. వానాకాలం గడిచేదాకా ఆటో ఒక్క వారం కూడా తప్పకుండా వస్తే అప్పుడు మాట్లాడదాం అన్నాం, పెద్దమ్మ సరే అనలేదు, కాదనీ అనలేదు.

(తెర మీద: వీధి చివర మలుపు తిరుగుతున్న ట్రాలీ ఆటో.)

ఇవాళ శనివారం, అదిగో వచ్చింది. డ్రైవర్‌కు గంప అందించడానికి మనిషి కావాలట, కెమెరా ఆపుతున్నా.