వేసవి సెలవుల్లో టీచర్ చేతికి కత్తెర

యాంకర్: నమస్కారం. ఫ్యాన్ వేస్తే మైకులో గాలి చప్పుడు, ఆపితే నెల్లూరు ఎండ సంగతి మీకు తెలిసిందే. ఆపేశాం. ఈరోజు నా ఎదురుగా ఉన్నది కలిగిరి వైపు ఒక మండల పరిషత్ బడిలో చేసే టీచర్. ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతులకి చెప్పే టీచర్; ఇరవై రెండేళ్ల సర్వీసు. మే నెలలో ఐదు రోజులు బొమ్మలు గీయడం, ఆడించడం, వాటితో చదువు చెప్పడం నేర్చుకుని వచ్చారు. సెలవుల్లో, ఎవరూ బలవంతపెట్టకుండానే! ఎందుకు వెళ్లారు టీచర్?

టీచర్: మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న. "ఆవకాయ పెట్టే రోజుల్లో నీకీ బొమ్మలాటేందమ్మా" అంది మా అత్తమ్మ. (నవ్వు) నిజం చెప్పాలంటే ట్రైనింగ్ అంటే నాకూ భయమే. ఒక వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా గోడ మీద పీపీటీ వేసి, ఉన్నది ఉన్నట్టు చదివారు. 'పిల్లలు చురుగ్గా పాల్గొనేలా చూడాలి' అనే స్లైడు వచ్చేసరికి వెనక వరసలో ఇద్దరు నిద్రపోతున్నారు. అందులో ఒకదాన్ని నేనే.

యాంకర్: 2020 జాతీయ విద్యా విధానంలో టీచర్లకి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలన్నారు కదా?

టీచర్: గంటలదేముంది నాయనా, సంతకం పెడితే నిండిపోతాయి. ఆ గంటల్లో నా చేతులు ఏం చేశాయో చెప్పు.

యాంకర్: మీరే చెప్పండి, ఏం చేశాయి?

టీచర్: మొదటి రోజు ఒక్కొక్కరి చేతిలో ఒక ఉదయగిరి చెక్క గరిటె పెట్టారు. మన జిల్లాదే, ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. కాగితం వంక చూడకూడదు, పెన్సిలు ఎత్తకూడదు, గరిటెనే చూస్తూ పది నిమిషాలు గీయాలి. గీశాను. చూస్తే గరిటె కాదు, కప్ప. పక్కనున్నావిడ చూస్తుందేమోనని చప్పున చెయ్యి అడ్డం పెట్టుకున్నా. అప్పుడు గుర్తొచ్చాడు, మా రెండో తరగతిలో ఒక పిల్లోడు. నోట్‌బుక్కుకి సరిగ్గా ఇట్లాగే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఏడాదంతా "చెయ్యి తియ్‌రా" అని గదమాయించాను వాణ్ణి.

యాంకర్: అయ్యో.

టీచర్: ఆ తర్వాత గరిటె గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. గీయకముందు అడిగుంటే 'ఇది చెక్క గరిటె, వంటకు వాడతారు' అని రాసి ఊరుకునేదాన్ని. గీశాక చూడు: పిడి చివర చెక్కిన నగిషీ, మెడ దగ్గర సన్నబడిన తీరు, ఒకచోట ఉలి జారిన గీత. మన పిలకాయలకి 'ఆవు గురించి రాయండి' అంటే 'ఆవు పాలిచ్చును' దగ్గర ఆగిపోతారు. భాష రాక కాదు, చూసుండరు. బొమ్మ గీయాలంటే చూడక తప్పదు కదా.

యాంకర్: తోలుబొమ్మలు కూడా చేశారని విన్నాను.

టీచర్: తోలు కాదులే, నల్ల చార్టు. అసలు తోలుబొమ్మకి చర్మాన్ని పల్చగా గీకి, రంగు వేసి, చిల్లులు పెడతారు. అందుకే తెర మీద రంగు కూడా కనపడుతుంది. మాది పేదవాళ్ల సరుకు: చార్టు, కత్తెర, చీపురుపుల్లలు, పాత పంచె, సెల్లు టార్చి. మోచెయ్యి కదలాలంటే అక్కడ రెండు ముక్కలు చేసి దారంతో ముడెయ్యాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదిలేస్తే వేలాడుతుంది. ఆ ఒక్క ముడి దగ్గరే నాకు గంట పట్టింది. ఇంటికొచ్చాక మా వరండాలో ఊళ్లో పిలకాయల్ని కూర్చోబెట్టి మొదలుపెట్టా.

యాంకర్: ఆ చెయ్యి అడ్డం పెట్టుకునే అబ్బాయి వచ్చాడా?

టీచర్: వచ్చాడు. వాళ్లకి మేకలున్నాయి, కాబట్టి మేక బొమ్మ చేశాడు. "దీనిచేత ఏమనిపిస్తావురా" అంటే "యాడికి పోయినా ఎండే, నేను యాడ పొణుకునేది" అన్నాడు. ఆ ముక్కని వాడన్నది అన్నట్టే పలక మీద రాసిచ్చా. మార్కాపురం రాతి పలక ఒకటి ఇంట్లో ఉండిపోయింది. పలకైతే వాడికి భయం లేదు, తప్పు రాసినా అరచేత్తో తుడిచేయొచ్చు. నోట్‌బుక్కులో తప్పు పోదు, పైగా ఎర్ర ఇంకు.

యాంకర్: 'యాడికి' అని అలాగే రాశారా? పుస్తకంలో 'ఎక్కడికి' అని కదా ఉంటుంది?

టీచర్: అలాగే రాశా. వాడు వేలు పెట్టుకుని చదివాడు. చదవడమేంది, వాడి మాటే కదా, తెలుసు వాడికి. తెలిసిన మాటకి అక్షరాలు వెతుక్కున్నాడు. మూడో రోజు కింద 'ఎక్కడికి' అని కూడా రాసి, ఇది పుస్తకంలో మేక మాట్లాడే మాట అని చెప్పా. పకపకా నవ్వాడు. వాచకంలో పేరా రెండోసారి చదవమంటే మొహం మాడ్చుకునేవాడు, మేక గొంతు సరిగ్గా రాలేదని వాడంతట వాడే ఎన్నిసార్లు చదివాడో నేను లెక్కపెట్టలేదు.

యాంకర్: నెల్లూరు జిల్లాకి ఇది మరీ కొత్తేం కాదేమో. చదువుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడిన దూబగుంట మీ పక్కనే కదా?

టీచర్: మా మండలమే! అదే చెప్పబోతున్నా. 1991లో పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షరదీపం మొదలైనప్పుడు నేను చిన్నపిల్లని. కళాజాతా వాళ్లొచ్చి పాటలు పాడి, వీధి నాటకాలు వేసేవాళ్లు. పెద్దవాళ్లని రాత్రి బడికి రప్పించింది ఆ పాటలే. వాచకంలో 'సీతమ్మ కథ' అని పాఠం, సారా వల్ల నాశనమైన సంసారం కథ. అది చదివి దూబగుంట ఆడవాళ్లు "ఇది మన ఇంటి కథే కదా" అన్నారు. ఆ ఊరి రోశమ్మ వాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత జరిగిందే నాకిష్టం: దూబగుంటలో జరిగినదాన్నే 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఇంకో పాఠం చేశారు. దాన్ని చదివి వేరే ఊళ్లు లేచాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్. వాళ్ల కథే వాళ్లకి వాచకమైంది. మా వాడి మేక ఎంతలే దాని ముందు, కానీ దారి అదే.

యాంకర్: మరి తల్లిదండ్రులు ఏమంటున్నారు? బొమ్మలతో కూర్చుంటే చదువెప్పుడు అనరా?

టీచర్: అంటారు, అనాలి కూడా. మూడో తరగతి దాటేలోపు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం ఉంది. మా మీద ఒత్తిడి ఉంది. అయినా నేను అబద్ధం చెప్పను: ఒత్తులు నాటకంతో రావు. 'క్ష' దగ్గర కూర్చుని దిద్దాల్సిందే. అన్నిటికీ కళే మందు అనేవాళ్లని నేను నమ్మను. ఆ వర్క్‌షాప్‌లోనే నాలుగో రోజు పాటలకి డాన్సులు చేయించారు. సరదాగానే ఉంది, చదువుకి లంకె మాత్రం నాకు దొరకలేదు. చెమట మాత్రం దొరికింది.

యాంకర్: ఐదు రోజులయ్యాక ఎవరైనా వచ్చి చూస్తారా, బడిలో ఎలా చేస్తున్నారని?

టీచర్: వాట్సాప్ గ్రూపు పెట్టారు. వారం తిరక్కుండా అందులో గుడ్ మార్నింగ్ పూలు మొదలయ్యాయి. అందుకే మేం ముగ్గురం టీచర్లం నెలకో శనివారం ఒకరి బడికి ఒకరం పోవాలనుకున్నాం. పాఠం చూసి, టీ తాగి, నిజం చెప్పుకోవాలి. ఆ మూడోదే కష్టం.

యాంకర్: బడి తెరిచాక మేక నాటకం ఉంటుందా?

టీచర్: మొదటి వారమే. ఇప్పుడు దానికి నక్క, కరెంటాయన కూడా కలిశారు. కరెంటాయన ఎందుకో నన్నడక్కు.

యాంకర్: ఇంతకీ ఇంట్లో ఆవకాయ పెట్టేశారా?

టీచర్: పెట్టేశాం. జాడీకి వాసెన కట్టడానికి మా అత్తమ్మ రెండు రోజులుగా పాత పంచె కోసం ఇల్లంతా వెతుకుతోంది. (నవ్వు) అదే మా తెర. ఈ ఎపిసోడ్ ఆవిడకి మాత్రం పంపొద్దు.