ఆదివారం అరసవల్లి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ తినాలి?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: విజయనగరానికి చెందిన అధ్యాపకురాలు, శ్రీకాకుళంలో రెస్టారెంటు నడుపుతున్న యజమాని, పెళ్ళిళ్ళకు వండే మాస్టరు, ఆహార భద్రత శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అధికారి.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంకో వారంలో కార్తీకం వస్తోంది. మన జిల్లాలో చాలా ఇళ్ళలో నెల పొడుగునా నీసు వండరు. అయ్యప్ప మాలలు సంక్రాంతి దాకా సాగుతాయి. ఇవి కాక ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం అరసవల్లి ఉండనే ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి సూర్యనారాయణ స్వామిని దర్శించుకుని, మధ్యాహ్నానికి పిల్లాపాపలతో ఆకలిగా పట్టణంలోకి వస్తారు. సరిగ్గా ఆ ఆదివారమే మన ఊళ్ళో బిర్యానీకి గిరాకీ. ఆ రెండు రకాల జనమూ ఒకే హోటలు గుమ్మం దగ్గర కలుస్తారు. శాకాహారం అడిగినవాళ్ళకు అక్కడ ఏమి దొరుకుతోంది, ఎలా దొరుకుతోంది అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. మేడమ్, మీరు పుట్టుకతో శాకాహారులు. ఉద్యోగరీత్యా విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా తిరుగుతుంటారు. మీతో మొదలుపెడతాను.

అధ్యాపకురాలు: ఉదయం పూట నాకే కష్టమూ లేదండీ. ఏ ఊళ్ళో దిగినా ఇడ్లీ, పెసరట్టు, పూరీ వేడివేడిగా దొరుకుతాయి. మధ్యాహ్నం కూడా వేళకు చేరితే ప్లేటు మీల్స్ ఉంటుంది. మూడు దాటితే భోజనం అయిపోయిందంటారు. ఇబ్బందంతా రాత్రి. మెనూ పుస్తకం చేతికిస్తారు. ముందు కోడి, తరువాత రొయ్య, చేప. వెనక అట్ట దగ్గర మాకొక పేజీ. ఆ పేజీ శ్రీకాకుళంలోనైనా, బొబ్బిలిలోనైనా, పలాసలోనైనా ఒకటే. పనీర్ బటర్ మసాలా, మష్రూమ్ మసాలా, కాజు కర్రీ, గోబీ మంచూరియా, వెజ్ ఫ్రైడ్ రైస్. వరుసగా మూడు రాత్రులు బయట తినాల్సి వస్తే మూడు రాత్రులూ పనీరే. రైతుబజారులో లేత బీరకాయలు, నల్ల వంకాయలు, ఆనపకాయలు గుట్టలుగా ఉంటాయి. ఆ పేజీలో వాటికి చోటు లేదు.

హోటల్ యజమాని: మేడమ్ చెప్పినది నిజమే. నా మెనూ కూడా అలాగే ఉంటుంది. నా పక్షం కూడా వినండి. 2014లో కేంద్రం చేయించిన ఎస్‌ఆర్‌ఎస్ (నమూనా నమోదు) సర్వే ప్రకారం మన రాష్ట్రంలో శాకాహారులు నూటికి ఇద్దరు కూడా లేరు. మాది సముద్రం ఒడ్డు జిల్లా. చేప లేకుండా ముద్ద దిగనివాళ్ళు ఎక్కువ. నూటికి ఇద్దరి కోసం పది రకాలు వండి పెట్టుకుని, రాత్రి పదకొండింటికి పారబోస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

వ్యాఖ్యాత: ఆ లెక్క మనుషులను లెక్కపెట్టినది. రోజులను లెక్కపెట్టి చూడండి. ఆదివారం మీ దగ్గర బిర్యానీ తిన్న మనిషే శివుడికని సోమవారం, బాబాకని గురువారం, వెంకటేశ్వరుడికని శనివారం మానేస్తాడు. ఏకాదశి ఉంది, కార్తీకం ఉంది, ఇంట్లో తద్దినం ఉంది, మాల వేసుకుంటే నలభై ఒక్క రోజుల దీక్ష ఉంది. పదిమంది కలిసి వస్తే అందులో ఒకరికి ఆ రోజు నీసు పనికిరాదు. ఆ ఒక్కరికీ తినడానికేమీ లేకపోతే పదిమందీ వేరే హోటలుకు వెళ్తారు. మీకు రావలసిన గిరాకీ ఆ ఇద్దరు శాకాహారులది మాత్రమే అనుకోవద్దని నా మనవి.

హోటల్ యజమాని: పదిమందీ వెళ్ళిపోవడం నేనూ చూశాను. కాదనను.

వ్యాఖ్యాత: మాస్టారూ, అన్ని హోటళ్ళలోనూ అదే పేజీ ఎందుకుంటుంది?

వంట మాస్టరు: పొయ్యి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుందమ్మా. పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా వేయించి ఎర్ర గ్రేవీ ఒక గుండిగ చేస్తారు. జీడిపప్పు రుబ్బి తెల్ల గ్రేవీ ఇంకొకటి చేస్తారు. సాయంత్రం ఆర్డరు రాగానే బాణలిలో రెండు గరిటెల గ్రేవీ, గుప్పెడు పనీరు ముక్కలు, పైన కాస్త మీగడ వేస్తే అయిదు నిమిషాల్లో బల్ల మీదికి వెళ్తుంది. పనీరుకు బదులు పుట్టగొడుగులు పడితే పేరు మారుతుంది, జీడిపప్పు పడితే ధర మారుతుంది. జీడిపప్పుకు మనకు లోటు లేదు, పలాస పక్కనే ఉంది. ఈ పద్ధతికి ఒక్క మనిషి చాలు. కూరగాయ తరగక్కరలేదు, మిగిలితే పాడవదు.

అధ్యాపకురాలు: మరి అరటిపువ్వు కూర?

వంట మాస్టరు: అక్కడికే వస్తున్నానమ్మా. అరటిపువ్వు రేకులు విప్పి, ఒక్కొక్క చిన్న పువ్వునూ పట్టుకుని మధ్యలోని గట్టి కాడ లాగేయాలి. అది ఉండిపోతే కూర నమలలేం. అన్నీ ఒలిచి, తరిగి, నల్లబడకుండా పలచటి మజ్జిగలో వేయాలి. పసుపు వేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండేయాలి. చింతపండు గుజ్జు వేసి మగ్గించి, పోపు పెట్టి, దించాక ఆవ కలపాలి. ఆవాలు, ఎండుమిరప, ఉప్పు అప్పటికప్పుడు నూరినవి. పొయ్యి మీదుండగా ఆవ కలిపారా, చేదెక్కి కూరంతా పాడైపోతుంది. పెళ్ళిళ్ళలో రెండు వందల మందికి ఈ కూర చేయాలంటే పువ్వులు ఒలవడానికే నలుగురు ఆడవాళ్ళు తెల్లవారుజామున కూర్చుంటారు. పనసపొట్టూ అంతే. కత్తికి, చేతులకు నూనె రాసుకుని, జిగురును ఓర్చుకుని సన్నగా కొట్టాలి. ఇంత పని హోటల్లో ఎవరు చేస్తారు?

వ్యాఖ్యాత: అంత పని లేనివి కూడా ఉన్నాయి కదా మాస్టారూ?

వంట మాస్టరు: ఎందుకు లేవు? ఆనపకాయ నువ్వుపిండి కూర ఉంది. ముక్కలు ఉడికాక వేయించిన నువ్వుల పొడి చల్లి దించడమే. గుమ్మడికాయ దప్పళం, బెల్లం వేసిన పులుసు, కందా బచ్చలి, మునగాకు పప్పు ఉన్నాయి. పెళ్ళిలో ఇవి వడ్డిస్తే కుర్రవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుంటారు. అదే కుర్రవాళ్ళు హోటలుకు వెళ్ళి పనీరు అడుగుతారు. ఎందుకంటే అక్కడ ఇంకొకటి లేదు.

హోటల్ యజమాని: మా దగ్గర పొయ్యి మీద ఉండేవాళ్ళు ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు. పని బాగా చేస్తారు. వాళ్ళకు దప్పళం తెలియదు.

అధ్యాపకురాలు: ఒడిశావాళ్ళకు దాల్మా తెలుసు కదండీ! పప్పులో కూరముక్కలు వేసి వండుతారు. ఇచ్ఛాపురం దాటితే ఇంటింటా అదే. వాళ్ళ వంట వాళ్ళ చేత చేయించినా నేను సంతోషంగా తింటాను. మీ దగ్గర పొయ్యి మీద ఉన్న కుర్రాడు తన ఇంట్లో రోజూ తిన్న కూరను పక్కనబెట్టి, ఎక్కడిదో తెలియని పనీర్ బటర్ మసాలా వండుతున్నాడు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: నమ్మకం సంగతికి వద్దాం. సార్, మీరు ఎన్నో వంటగదులు చూసినవారు. వెజ్ బిర్యానీ గురించి జనంలో ఒక అనుమానం ఉంది.

విశ్రాంత అధికారి: ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. చాలా చోట్ల జరిగేది చెబుతాను. కోడి బిర్యానీ గుండిగ ఒకటే ఉంటుంది. శాకాహారం ఆర్డరు వస్తే ముక్కలను పళ్ళెం అంచుతో పక్కకు నెట్టి, పైపొర అన్నం తీస్తారు. మీద నాలుగు పనీరు ముక్కలు, కాస్త గ్రేవీ వేస్తారు. ఆ అన్నం ఉడికినది కోడి ఆవిరిలో, కోడి రసంలో. తినేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఇక నూనె సంగతి. ఒకే బాణలిలో చికెన్ పకోడీ వేసి, అదే నూనెలో గోబీ వేస్తారు. ఫ్రైడ్ రైస్ బండి మీద గుడ్డు కొట్టిన బాణలిని గరిటెతో గీకి, వెంటనే వెజ్ అన్నం వేస్తారు.

వ్యాఖ్యాత: చట్టం ఏమంటుంది?

విశ్రాంత అధికారి: క్లుప్తంగా చెబుతాను. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు ప్రకారం శాకాహారం, మాంసాహారం విడివిడిగా ఉంచాలి. గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. పాలు, పాల పదార్థాలు, తేనె లాంటివాటికి మినహాయింపు. వేపుడు నూనె మాటిమాటికీ కాచి వాడితే పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. మెనూ మీద ఆకుపచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు వేయాలన్న నిబంధన మాత్రం కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్ళకు, పది లేదా అంతకు మించి శాఖలున్నవాళ్ళకు. మన ఊరి హోటలు ఒక్కటే శాఖ. అందుకే ఆ గుర్తు మన మెనూల మీద తప్పనిసరి కాలేదు. తాను తినేది ఏమిటో తెలుసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. బిల్లు మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది. ఫిర్యాదు చేయాలంటే అది చాలు, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చేయవచ్చు.

వ్యాఖ్యాత: ఆమదాలవలస నుంచి ఒక లారీ డ్రైవరు ఫోనులో ఉన్నారు. చెప్పండి బాబూ.

ఫోనులో: నమస్తే అమ్మా. ఏటా మాల వేసుకుంటాను. దీక్షలో కూడా బండి నడపక తప్పదు. రాత్రి దాబాలో ఆగితే స్వామీ, స్వామీ అంటూ మర్యాద బాగా చేస్తారు. వేరే గిన్నెలో వండారా అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అందుకే అరటిపళ్ళు తిని పడుకుంటాను. పెరుగన్నం, పచ్చడి పెట్టినా మాకు చాలమ్మా. వేరే గిన్నెలో పెట్టాలి, అంతే.

వ్యాఖ్యాత: రాత్రంతా బండి నడిపే మనిషి అరటిపళ్ళతో సరిపెట్టుకోవడం ఏమిటండీ! ఈ మాట విన్న దాబావాళ్ళు ఈ సీజనుకైనా ఒక గిన్నె, ఒక గరిటె విడిగా పెట్టాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

హోటల్ యజమాని: ఒక్క మాట. కొందరు వచ్చి, పక్క బల్ల మీద చేప తింటున్నారు, వాళ్ళను అటు పంపండి అంటారు. వాళ్ళూ నా గిరాకీయే. ఎలా పంపను?

అధ్యాపకురాలు: పంపకూడదు. వేటకు వెళ్ళి చేప తెచ్చేవాళ్ళ ఊళ్ళో కూర్చుని చేప వాసన పడదనడం నాకు నచ్చదు. నా స్నేహితురాలు నా ఎదుటే రొయ్యల వేపుడు తింటుంది, ఇద్దరం హాయిగా కబుర్లు చెప్పుకుంటాం. నేనడిగేది నా కూరకు వేరే బాణలి. ఎదుటివాళ్ళ కంచం జోలికి నేను వెళ్ళను.

వ్యాఖ్యాత: చాలా మంచి మాట అన్నారు మేడమ్. శాకాహారం అనగానే కొందరు దాన్ని గొప్పతనం చేసి, కొందరు దాన్ని చాదస్తం చేసి మాట్లాడతారు. రెండూ అనవసరం. మాస్టారూ, కర్రీ పాయింట్ల గురించి మీరు ముందే ఏదో చెప్పాలన్నారు.

వంట మాస్టరు: అవునమ్మా. మేడమ్ అడిగే వంట ఊళ్ళో లేకపోలేదు. సాయంత్రం ఆరింటికి ఏ కర్రీ పాయింటు దగ్గరికైనా వెళ్ళండి. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, వంకాయ కూర, సాంబారు, రసం పాకెట్లు కట్టి ఇస్తుంటారు. వండేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఎనిమిదింటికల్లా గిన్నెలు ఖాళీ. కొనేవాళ్ళు ఎవరు? బ్యాంకు ఉద్యోగులు, అద్దె గదుల్లో ఉండే పిల్లలు, ఇద్దరూ ఉద్యోగం చేసే భార్యాభర్తలు. గిరాకీ లేదని ఎవరంటారు?

అధ్యాపకురాలు: ఆ పాకెట్టు పట్టుకుని నేనెక్కడ కూర్చుని తినాలి మాస్టారూ? ఇల్లున్నవాళ్ళకు అది బాగుంటుంది. అరసవల్లి నుంచి వచ్చిన ముసలివాళ్ళకు కంచం, కుర్చీ, మంచినీళ్ళు కావాలి.

వంట మాస్టరు: అందుకే చెబుతున్నాను. బాబూ, మీ హోటలుకు కుర్చీలున్నాయి, కర్రీ పాయింటు నడిపే ఆమెకు కూర ఉంది. రోజూ రెండు కూరలు, ఒక పప్పు ఆమె దగ్గర తీసుకుని మీ దగ్గర వడ్డించండి. తరిగే మనిషి బాధ మీకుండదు, పారబోసే బాధా ఉండదు. కావలసినంతే తెప్పించుకోవచ్చు.

హోటల్ యజమాని: బయట వండినది తెస్తే రేపు ఎవరికైనా కడుపులో తేడా చేస్తే నన్ను పట్టుకుంటారు.

విశ్రాంత అధికారి: ఆమెకు కూడా రిజిస్ట్రేషనో, లైసెన్సో ఉండాలి. ఎవరి దగ్గర, ఏ రోజు, ఎంత కొన్నారో బిల్లులు దాచుకోండి. కూర వేడిగా తెచ్చి వేడిగానే వడ్డించండి. ఇవి పాటిస్తే అభ్యంతరం లేదు.

హోటల్ యజమాని: సరే. కార్తీక సోమవారాలతో మొదలుపెడతాను. ఆ రోజు పది రకాలు వద్దు, ఒక పప్పు, రెండు కూరలు, పులుసు, పెరుగు పెడతాను. వేరే పొయ్యి, వేరే గిన్నెలు. మిగతా రోజుల మాట అమ్మకం చూసి చెబుతాను.

అధ్యాపకురాలు: ఆదివారం కూడా కలపండి.

హోటల్ యజమాని: ఆదివారం నా దగ్గర నిలబడడానికే చోటుండదు మేడమ్.

వ్యాఖ్యాత: చోటుండని రోజే కదండీ దర్శనానికి వచ్చినవాళ్ళు బయట నిలబడి లోపలికి చూసి వెళ్ళిపోయేది. రెండు బల్లలు విడిచిపెట్టండి.

హోటల్ యజమాని: రెండు బల్లలు... పన్నెండు నుంచి మూడు దాకా అయితే ఇవ్వగలను. ఆ రెండు గంటలూ... మూడు గంటలూ పొయ్యి దగ్గర ఒక మనిషి కావాలి. మాస్టారూ, మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?

వంట మాస్టరు: ఇద్దరు అమ్మాయిలున్నారు, పని తెలిసినవాళ్ళు. మూఢం రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, వాళ్ళకు చేతిలో పనుండదు. జీతం పెళ్ళిలో ఇచ్చినంత ఇవ్వాలి. ఆవ మాత్రం మీ వంటగదిలోనే, వడ్డించే ముందు నూరించాలి. పొద్దున్న నూరి ఫ్రిజ్‌లో పెడతామంటే వాళ్ళను పంపను.