ముష్టి కొమ్మ బొమ్మ, పది రెట్ల లెన్స్: పాత మందుమొక్కల పుస్తకాలు కొనేముందు

[టేబుల్ మీద రంగుల బొమ్మ. పక్కన చిన్న లెన్స్, మొబైల్.]

ఇది ముష్టి అనే విషపు చెట్టు కొమ్మ బొమ్మ. సీతంపేట వైపు కొండల్లో తిరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నారింజ రంగు గుండ్రటి కాయ, లోపల చొక్కా బొత్తాల్లాంటి గింజలు, నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. విజయనగరంలో ఒక పాత సామాన్ల కొట్టాయన దీన్ని "రెండొందల ఏళ్ల నాటిది సార్, చేత్తో రంగులేసింది" అని వేలల్లో చెప్పాడు. చివరికి రెండు వందలకి ఇచ్చాడు. అంత దిగాడంటేనే మీకు సగం అర్థమైపోవాలి. ఈ వీడియోలో చూపించడానికి పనికొస్తుందని తెలిసే కొన్నాను.

మందుమొక్కల బొమ్మల పుస్తకాలు సేకరించాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ధర. నేను మాత్రం ముందు లెన్స్ కొనమంటాను. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది ఎవరైనా చెప్తారు, దాన్ని అచ్చు వేసిన పద్ధతి తెలిస్తేనే మీ డబ్బు మిగులుతుంది.

ఈ ముష్టినే పట్టుకుని వెళ్దాం, ఎందుకంటే ఇది మూడు పెద్ద పుస్తకాల్లో ఉంది, మూడూ మూడు రకాల అచ్చు.

[స్క్రీన్ మీద: రాక్స్‌బర్గ్ పుస్తకంలోని ముష్టి బొమ్మ]

మొదటిది మన తీరానిదే. విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1780లలో సామర్లకోటలో ఉండి, తోట పెంచి, ఇక్కడి చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఏరినవి 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో వచ్చాయి. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. ముష్టి ఉంది, బురద నీళ్లు తేర్చడానికి కుండలో అరగదీసే ఇందుప గింజ చెట్టుంది, మోదుగ ఉంది, బీడీలు చుట్టే తునికి ఉంది, తెలుగు పేర్లతో సహా. ముందుమాట రాసిన పాట్రిక్ రస్సెల్ మన విశాఖపట్నంలో ఏళ్ల తరబడి ఉన్నవాడే. అక్కడి చేపల మీద ఆయన వేయించిన బొమ్మల పుస్తకం 1803లో వచ్చింది, అది ఇంకో వీడియోకి సరిపడా సరుకు. ఆ సామర్లకోట చిత్రకారులెవరో మాత్రం పేర్లు మిగల్లేదు, నాకు ఈ పుస్తకం మీద ఉన్న కోపం అదొక్కటే.

రాక్స్‌బర్గ్ పుస్తకం రాగిరేకు మీద చెక్కిన అచ్చు. తడిపిన కాగితాన్ని రేకు మీద పెట్టి గట్టిగా నొక్కుతారు, అందుకే బొమ్మ చుట్టూ రేకు అంచు దిగబడిన గుర్తు మిగులుతుంది. గదిలో లైట్ ఆపేసి మొబైల్ టార్చ్ పక్కనుంచి వాల్చి కొట్టండి, ఆ గీత లేచి కనిపిస్తుంది. అంచులు కత్తిరించేసి ఉంటే కనపడకపోవచ్చు, అప్పుడు గీతల్ని చూడండి, సిరా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. రంగులు తర్వాత మనుషులు కూర్చుని కుంచెతో వేసినవి. లెన్స్‌లో చుక్కలుండవు, రంగు ఒకే పూతగా ఉండి అక్కడక్కడ గీత దాటి బయటికొస్తుంది. ఆ దాటడం చూస్తే నాకు ఎక్కడలేని సంతోషం.

రెండోది బెంట్లీ, ట్రైమెన్‌ల 'మెడిసినల్ ప్లాంట్స్', 1875 నుంచి 1880, నాలుగు సంపుటాలు, 306 బొమ్మలు. ఇది రాతి అచ్చు, అంటే లిథోగ్రాఫ్, మీద చేతి రంగు. రాయి కాబట్టి అంచు గుర్తు ఉండదు. అది లేదని నకిలీ అనేయకండి. మూడోది 1887 నుంచి జర్మనీలో వచ్చిన కోలర్ పుస్తకం. ఇక్కడ రంగులు కూడా రాళ్లతోనే, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. లెన్స్‌లో చుక్కలుంటాయి కానీ చిన్నా పెద్దా కలిసి, ఒక వరసలో ఉండవు.

[లెన్స్ లోంచి దగ్గరి షాట్: మా రెండు వందల బొమ్మ]

ఇప్పుడు మా బొమ్మ చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరసలు కట్టి చిన్న చిన్న పువ్వుల్లా కూడి ఉన్నాయి కదా, ఇది ఆఫ్‌సెట్. మీ ఇంటికొచ్చే పెళ్లికార్డు ఏ మెషీన్ మీద వేస్తారో ఇదీ దాని మీదే. కాగితం పచ్చబడిందంటారా, టీ డికాషన్‌లో ముంచితే సాయంత్రానికి పచ్చబడుతుంది.

కాగితాన్ని వెలుతురుకి ఎత్తి కూడా చూడండి. కొన్ని పాత ఇంగ్లీషు కాగితాల్లో తయారుచేసినవాళ్ల పేరు, సంవత్సరం నీటిముద్రగా ఉంటాయి. పుస్తకం మీద 1795 అని ఉండి కాగితంలో 1811 కనిపిస్తే, ఆ ప్రతి తర్వాత అచ్చయిందనే లెక్క.

లెన్స్ పరీక్ష పాసైతే వెంటనే డబ్బు తీయకండి, బొమ్మలు లెక్కపెట్టండి. ఇది విసుగు పని, కానీ ఇదే అసలు పని. ఇలాంటి పుస్తకాల్ని విప్పేసి ఒక్కో బొమ్మ ఫ్రేము కట్టి అమ్మితే మొత్తం పుస్తకం కన్నా ఎక్కువ వస్తుందని చాలామంది వ్యాపారులు ముక్కలు చేసేస్తారు. కాబట్టి బెంట్లీ పుస్తకంలో 306 ఉండాల్సిన చోట 290 ఉండి, పోయిన పదహారూ అందమైనవే అయినా ఆశ్చర్యపోవద్దు. సరిచూసుకోవడానికి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో రాక్స్‌బర్గ్ స్కాన్లు ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లో తెరిచి పేజీ పేజీ పోల్చుకోండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ముఖపత్రం (టైటిల్ పేజీ), చివరి బొమ్మ, పక్క వెలుతురులో ఒక ఫొటో, మూడూ అడగండి. "అడ్వాన్స్ కొట్టండి సార్, తర్వాత పంపిస్తా" అంటే అక్కడితో ఆపేయండి.

రాక్స్‌బర్గ్ పూర్తి సెట్టంటే లక్షల మాట, మనలాంటివాళ్లకి అందదు. నన్నడిగితే ఇంకో కంపెనీ డాక్టరు రాబర్ట్ వైట్ వేయించిన మొక్కల బొమ్మల పుస్తకం 'ఐకోన్స్' విడి సంపుటాలో విడి పేజీలో వెతకండి. 1838 నుంచి 1853 వరకు వచ్చిన ఆరు సంపుటాలు, రెండువేలకు పైగా బొమ్మలు, రంగుల్లేని రాతి అచ్చు కాబట్టి పోటీ తక్కువ. పైగా చాలా బొమ్మల కింద మూలన సన్నటి అక్షరాల్లో చిత్రకారుడి పేరుంటుంది, రంగయ్య అని, గోవిందు అని. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికే, అంటే దగ్గరి జాతుల గుంపుకే, పేరు పెట్టాడు. ఇంకా తక్కువలో కావాలంటే అలహాబాదులో 1918లో వచ్చిన కీర్తికర్, బసుల పుస్తకం ఉంది. చాలా బొమ్మలు పాత పుస్తకాల నుంచి తీసుకున్నవే అయినా చదువుకోవడానికి అంత మంచిది లేదు. తర్వాతి ముద్రణలు బోలెడున్నాయి కాబట్టి ముఖపత్రం వెనక చూడకుండా కొనకండి. ఆ పుస్తకాల్లో రాసిన మోతాదులు మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు, ముష్టి గింజ సంగతి ముందే చెప్పాను.

మన దగ్గర ఉంచుకోవడమే పెద్ద టెన్షన్. శ్రీకాకుళం గాలిలో తేమ, వర్షాకాలం వస్తే బూజు, ఏడాది పొడుగునా చెదలు. ఇంట్లో పెద్దవాళ్లు పుస్తకాలు ఎండలో ఆరబెడతారు, చేతి రంగులు ఎండకి వెలిసిపోతాయి కాబట్టి దయచేసి వద్దు. ఇనప బీరువా, గోడకి జానెడు దూరంలో, లోపల తేమ పీల్చే సిలికా జెల్, బట్టలో కట్టిన వస కొమ్ములు. చిరిగితే సెల్లోటేప్ వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. 19వ శతాబ్దపు కొన్ని ఆకుపచ్చ రంగుల్లో ఆర్సెనిక్ ఉంటుంది, వేలు తడి చేసి పేజీలు తిప్పే అలవాటున్నవాళ్లు దాన్ని మానుకోండి.

చివరగా తాళపత్రాలు. మన ఊళ్లలో అటకల మీద వైద్యం తాళపత్రాలు ఇప్పటికీ దొరుకుతాయి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం విలువున్న చేతిరాత ప్రతి 75 ఏళ్లు దాటితే పురావస్తువే, దాన్ని మనం దేశం దాటించకూడదు. బొమ్మలున్న ప్రతి అయితే రిజిస్ట్రేషన్ కూడా చేయించాలి. నూరేళ్లు దాటిన అచ్చు పుస్తకమైనా బయటికి పంపేముందు పురావస్తు శాఖ వాళ్లని అడగండి. విదేశాల నుంచి ఎవరో డాలర్ల లెక్క చెప్పి కొరియర్ చేయమని మెసేజ్ పెడితే, జవాబిచ్చే ముందు ఈ చట్టం గుర్తుపెట్టుకోండి.