ప్రాక్టీసులో టాకిల్ లేదు, సీజన్లో ఓటమి లేదు

అందరికీ నమస్కారం. వ్యాయామ విద్య చదువుతున్న మీకు కబడ్డీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంటుంది? అందుకే మనకు అంతగా అలవాటు లేని ఆటలోంచి ఒక సీజన్ గురించి మాట్లాడతాను. 2003లో అమెరికాలోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన సీజన్ అది. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఆట.

మినెసోటా రాష్ట్రంలో, కాలేజ్‌విల్ అనే చోట ఉంటుందీ కాలేజీ. బెనెడిక్టిన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటి, దాన్ని ఆనుకుని క్లాసులు, చుట్టూ అడవి, చెరువులు. వీళ్లు ఆడేది డివిజన్ 3లో, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో మూడో అంచెలో. ఆ స్థాయిలో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. ఫీజు కట్టి, చదువుకుంటూ, సరదా కొద్దీ ఆడే కుర్రాళ్లన్నమాట.

కోచ్ జాన్ గలార్డికి అప్పటికి 77 ఏళ్లు. ఈయన 16 ఏళ్లకే కోచ్ అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల హైస్కూల్ కోచ్‌ని సైన్యంలోకి తీసుకుంటే, జట్టు బాధ్యత ఈ కుర్రాడి మీద పడింది. ఆటగాడిగా తనకు ఏవేవి ఒళ్లుమంట తెప్పించాయో వాటినన్నిటినీ పీకేశాడు. 1953లో సెయింట్ జాన్స్‌కి వచ్చాక కూడా అదే పద్ధతి. ప్రాక్టీసులో టాకిల్ చేయకూడదు, అంటే ఎదుటివాణ్ణి పట్టుకుని కింద పడేయకూడదు. విజిల్ లేదు. ‘కోచ్’ అని పిలవకూడదు, జాన్ అంటే చాలు. గంటన్నర దాటితే ఇంటికే. దోమలు ఎక్కువైనా లోపలికి పదమనేవాడు! వార్మప్‌లో భాగంగా అందరూ వెల్లకిలా పడుకుని, పక్కవాడితో ‘ఈ రోజు ఎంత బాగుందో’ అనుకోవాలి. నేను కనిపెట్టింది కాదు, నిజంగానే చేయించేవాడు.

మరి ఆ గంటన్నరా ఏం చేసేవాళ్లు? ఒకే ఎత్తుగడను, ఎవరు ఎటు పరిగెత్తాలో తడుముకోనక్కర్లేనంత వరకు, మళ్లీ మళ్లీ. ప్రాక్టీసులో దెబ్బలు తగలవు కాబట్టి శనివారం మ్యాచ్‌కి కాళ్లూ చేతులూ బాగుండేవి.

ఆ నవంబర్ 8న బెథెల్ అనే కాలేజీ జట్టుని 29-26తో గెలిచారు. గలార్డికి అది 409వ గెలుపు. ఎడ్డీ రాబిన్సన్ అనే కోచ్ పేరున ఉన్న 408 గెలుపుల కాలేజీ రికార్డు దాటింది. డిసెంబర్లో డివిజన్ 3 ఫైనల్, వర్జీనియాలోని సేలంలో. ఎదుట మౌంట్ యూనియన్, వరసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. సెయింట్ జాన్స్ 24-6తో కొట్టేసింది. తమ గోల్ లైన్ దగ్గర మౌంట్ యూనియన్ పాస్‌ని ఒక డిఫెన్స్ కుర్రాడు లాక్కుని 100 గజాలూ పరిగెత్తి అవతలి కొసలో టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చాడు. సీజన్ మొత్తం 14 గెలుపులు, ఓటమి సున్నా.

టాకిల్ మానేస్తే చాలు, కప్పు వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. బ్లేక్ ఎలియట్ లాంటి రిసీవర్, అంటే పాస్‌లు అందుకునేవాడు, ప్రతి ఏడాదీ దొరకడు. ఆ ఏడాది డివిజన్ 3లో ఉత్తమ ఆటగాడి అవార్డు అతనిదే. పైగా ఆడతామని వచ్చిన ఎవరినీ వెనక్కి పంపేవాళ్లు కాదు కాబట్టి జట్టులో వందకు పైగా ఉండేవాళ్లు. నాకు నచ్చింది గలార్డి మొండితనం. అందరూ నవ్వుతున్నా 2012లో 489 గెలుపులతో రిటైరయ్యేదాకా పద్ధతి మార్చలేదు. తలకు తగిలే దెబ్బల మీద గొడవ పెరిగాక, 2016లో హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ కోచ్‌లు కూడా సీజన్ జరుగుతుండగా ప్రాక్టీసులో టాకిల్ వద్దని ఓటేశారు.